కోటిలింగం బేరమాడిన బాట

చిలకలూరిపేటలో స్టీలు గిన్నెల కొట్టు నడుపుకునే కోటిలింగానికి రాముడి మీద ఎంత భక్తి ఉండేదో, బేరం మీద అంతకంటే పిసరు ఎక్కువే ఉండేది. గుడి బయట కొబ్బరికాయ కొన్నా సరే, కొంచెమైనా తగ్గించుకున్నాకే లోపలికెళ్ళి చేతులు జోడించేవాడు. దేవుడు చూసి నవ్వుకునే ఉంటాడు లెండి.

ఆయన ఇల్లు వీధికి చిట్టచివర ఉండేది. ముందు బోలెడంత ఖాళీ స్థలం, అంతా నల్లరేగడి. వానొస్తే చెప్పులు దిగబడేవి. ఎండలు ముదిరితే అదే నేల చెయ్యి పట్టేంత పగుళ్ళు ఇచ్చేది. శ్రీరామనవమి నాటి సాయంత్రం సీతారాములను ట్రాక్టరు మీద పూలరథం కట్టి ఊరేగించేవారు. రథం వెనక్కి తిరగాలంటే చివరింటి ఆవరణే అనువైన చోటు. కానీ ఆ పగుళ్ళు చూసి డ్రైవరు జంకేవాడు, పక్కింటివాళ్ళ వాకిట్లోనే తిప్పేసుకుని వెళ్ళిపోయేవాడు. పాపం, కోటిలింగం భార్య రాఘవమ్మ ఏటా హారతి పళ్ళెం పట్టుకుని పక్కింటి గేటు దాకా నడిచేది. స్వామి ఒక్కసారి తన గుమ్మం ముందు ఆగితే చాలని ఆవిడ కోరిక.

"నగలడిగానా, పట్టుచీరలడిగానా? గేటు నుంచి గుమ్మం దాకా కాంక్రీటు బాట వేయించండి. ఈసారి రాముడు మనింటికి రావాలి" అంది ఒకరోజు. కోటిలింగం కాదనలేకపోయాడు. కార్తీకమాసంలో మేస్త్రి మస్తాన్‌ను పిలిపించాడు.

మస్తాన్ గునపంతో నేల కుళ్ళగించాడు, మట్టి పిడికిట్లోకి తీసుకుని పిసికి చూశాడు. ఈలోపే కోటిలింగం, "అడుగెంత మస్తానూ?" అన్నాడు.

"అన్ని చోట్లా ఒకే రేటు ఉండదు షావుకారుగారూ. గట్టినేల అయితే ఒక లెక్క, మీ రేగడి అయితే ఒక లెక్క. ఇదంతా తవ్వి పారబోసి, గ్రావెల్ నింపి, నీళ్ళు కొట్టి, గట్టిపడేదాకా దిమ్మిస చెయ్యాలి. ఇంతకీ దీని మీద ఏ బండి ఎక్కుద్ది?"

బండి బరువును బట్టి మందం పెరుగుతుందని, మందం పెరిగితే రేటూ పెరుగుతుందని కోటిలింగానికి తెలియకపోలేదు. నాలుక చివరిదాకా వచ్చిన ట్రాక్టరును మింగేశాడు. "నా స్కూటరే" అన్నాడు.

సరేనని మస్తాన్ వివరంగా చెప్పుకొచ్చాడు. కాంక్రీటు లారీ ఈ సందు మలుపు తిరగదట. కాంక్రీటు కలిపే మిల్లరు తెచ్చి ఇక్కడే కలపాలి, మనుషులతో మోయించాలి, అందుకు కూలి ఎక్కువవుతుంది. వాననీళ్ళు గోడ వైపు పోకుండా వాటం ఇవ్వాలి, అదొక పని. అన్నీ కలిపి ఒక రేటు చెప్పాడు. కోటిలింగం పకపకా నవ్వాడు.

"నేను అడిగింది వాకిట్లో బాటయ్యా, కృష్ణానది మీద వంతెన కాదు."

ఇక బేరం మొదలైంది. తగ్గిస్తాను గానీ గ్రావెల్ ఉండదన్నాడు మస్తాన్. కోటిలింగం చెవికి 'తగ్గిస్తాను' అన్న మాట ఒక్కటే ఎక్కింది. ఇంకొంచెం లాగాడు. అయితే లోపల ఇనుప కమ్మీ కట్టనన్నాడు మస్తాన్. మరికాస్త లాగాడు. మందం కోస్తానన్నాడు. పైన రేటు దిగుతున్నకొద్దీ కింద బాట ఖాళీ అవుతోంది. కోటిలింగం మాత్రం పందెంలో కోడి గెలిచినవాడిలా మీసం దువ్వుకుంటున్నాడు.

గుమ్మంలో నిలబడి వింటున్న రాఘవమ్మ ఉండబట్టలేకపోయింది. "గిన్నె కొనేవాళ్ళకి అడుగు మందం చూసుకోండమ్మా, లేకపోతే మాడుద్దని చెబుతారు గదా. ఇక్కడ అడుగు చూడరేం?"

"గిన్నెను పొయ్యి మీద పెడతాం. వాకిలిని పొయ్యి మీద పెడతామటే?" అన్నాడు కోటిలింగం. ఆ జవాబుకు తనే మురిసిపోయాడు.

బాట పడింది. చూడ్డానికి నున్నగా, తెల్లగా, పాలరాతి పలకలా ఉంది. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ కోటిలింగం అడుగు ఎంతకు వేయించాడో చెప్పి, నోరు తెరిచేదాకా వదిలేవాడు కాదు. చలికాలమంతా దాని మీద స్కూటరు హాయిగా తిరిగింది. ఎండలొచ్చాయి. కింద రేగడి ఎండి, కుంచించుకుపోయి, బాటను గాలికి వదిలేసింది. పైకి మాత్రం ఏమీ తెలియలేదు.

నవమి సాయంత్రం సన్నాయి వీధి చివరిదాకా వినిపించింది. డ్రైవరు కొత్త బాట చూసి ధైర్యంగా గేట్లోకి తిప్పాడు. రాఘవమ్మ గుమ్మంలో హారతి వెలిగించి నిలబడింది. ముందు చక్రాలు దొర్లుకుంటూ వచ్చాయి. వెనక చక్రం ఎక్కిందో లేదో, అప్పడం విరిగినట్టు ఫటేలుమంది. చక్రం సగానికి దిగబడిపోయింది. జనం పరుగున వచ్చి రథాన్ని పట్టుకున్నారు. రాముడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. స్వామి మాత్రం ఒక పక్కకు ఒరిగి, ఏమయ్యా కోటిలింగం అన్నట్టు చూస్తున్నాడు.

"రాముణ్ణి రమ్మన్నావు సరే. పోనివ్వనంటే ఎట్టా?" అన్నాడు పక్కింటాయన. వీధంతా గొల్లుమంది.

స్వామి ఆగినచోటే నైవేద్యం పెట్టాలి, వచ్చినవాళ్ళందరికీ ప్రసాదం పంచాలి అన్నారు పూజారిగారు. కొట్లో అమ్మకానికి పెట్టిన పెద్ద గుండిగలన్నీ పొయ్యిల మీదకెక్కాయి. వీధి వీధంతా కూర్చుని పులిహోర తింది. జనంలో ఉన్న మస్తాన్‌ను చూసి కోటిలింగం కస్సుమన్నాడు. ఇదేం బాటని నిలదీశాడు.

మస్తాన్ ఆకులో పులిహోర కలుపుకుంటూ నిదానంగా అన్నాడు: "మీరు స్కూటరన్నారు గదా షావుకారుగారూ. స్వామివారు స్కూటరు మీద వస్తారేమో అనుకున్నా."

ఈసారి నవ్వని మనిషి లేడు. కానీ కోటిలింగాన్ని ఆ నవ్వులు అంతగా బాధించలేదు. రాఘవమ్మ గుమ్మం దిగి, హారతి పళ్ళెం పట్టుకుని, స్వామి ఇరుక్కున్న చోటికి నడిచి వెళ్ళింది. కళ్ళకద్దుకుని వచ్చి, "పోన్లెండి, గేటు లోపలి దాకా అయినా వచ్చాడు" అంది. ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగింది. తను బేరమాడి తగ్గించింది రేటును కాదు, భార్య కోరికను అని ఆయనకు అప్పుడు తెలిసింది.

ఇంకో ట్రాక్టరొచ్చి రథాన్ని బయటికి లాగింది. మర్నాడే కోటిలింగం మస్తాన్ ఇంటికి వెళ్ళాడు.

"అబద్ధమాడాను మస్తానూ. ఎక్కేది ట్రాక్టరు, పైన కూర్చునేది రాముడు. అడుగున ఏమేం వెయ్యాలో చెప్పు. రేటు తర్వాత మాట్లాడుకుందాం."

పాత బాట పగలగొట్టడానికి కూలి, ఆ పెళ్ళలు ఎత్తిపోయించడానికి కూలి. అవన్నీ కలిస్తే మస్తాన్ మొదట చెప్పిన రేటే ఎంతో చవకని తేలింది. అయినా కోటిలింగం బేరం ఎత్తలేదు. మధ్యలో నాలుక కాస్త దురద పెట్టిందంటారు, అది మనిషికి సహజం. రేగడి తీశారు, గ్రావెల్ పోసి దిమ్మిస చేశారు, కమ్మీ అల్లి మందంగా కాంక్రీటు పరిచారు. రాఘవమ్మ దాని మీద మట్టితో మడులు కట్టి, రోజూ నీళ్ళు నింపి తడి ఆరకుండా చూసుకుంది.

మళ్ళీ నవమి వచ్చింది. ట్రాక్టరు గేటు దాటింది, బాట దాటింది, రాఘవమ్మ గుమ్మం ముందు ఆగింది. ఆవిడ మెట్టు దిగకుండానే సీతారాములకు హారతిచ్చింది. కోటిలింగం పక్కన నిలబడి గంట వాయించాడు.

నీతి: అవసరం దాచిపెట్టి చేసిన బేరం మనకే నష్టం, అందుకే అడుగెంత అని అడిగే ముందు, అడుగున ఏముందో అడుగు.