నీళ్ళు తోడే మసేను

అనగా అనగా, సముద్రం ఇంత దగ్గరికి రాని రోజుల్లో, గవ్వలపేట అని ఒక రేవు ఉండేది. ఇప్పుడు ఆ రేవు లేదు. కెరటాలు కోసుకుపోయాయి. అక్కడి మనుషులు మెరకకు జరిగి కొత్త ఊరు కట్టుకున్నారు. ఆ ఊళ్ళో ఏ ముసలమ్మనడిగినా మసేను సంగతి చెబుతుంది.

మసేను మొనగాడేం కాదు. తెడ్డు వెయ్యలేడు. వల లాగలేడు. పుట్టుకతోనే ఎడమకాలు సన్నంగా, వెదురు బద్దలా ఉండేది. ఇసకలో నడిస్తే ఆ కాలు గీత గీసుకుంటూ వెనకాలే వచ్చేది. అలాంటివాడికి సముద్రం మీద ఏం పని దొరుకుతుంది? ఒక్కటే పని. పడవలో నీళ్ళు తోడడం.

ఆ కాలంలో ఆ తీరాన పడవలకు మేకులు కొట్టేవాళ్ళు కాదు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకు విరుగుతుంది. కుట్టిన పడవ వంగి, సాగి, మళ్ళీ సర్దుకుంటుంది. కాకపోతే కుట్ల సందుల్లోంచి నీరు ఊరుతూనే ఉంటుంది. అందుకని అందరూ తెడ్లు వేస్తుంటే ఒకడు అడుగున చతికిలబడి, తాటాకు చేదతో ఆ నీళ్ళు తోడి పోస్తూ ఉండాలి. ఎవరూ ఇష్టపడి చేసే పని కాదది.

గవ్వలపేట ముందు మూడు కెరటాల వరసలు. మొదటి కెరటం ఎత్తేస్తుంది. రెండో కెరటం తిప్పేస్తుంది. మూడో కెరటం కొట్టేస్తుంది. పెద్ద ఓడలు వాటిని దాటి ఒడ్డుకు రాలేవు. దూరాన లంగరు దించుకుని ఉంటే, సరుకునీ మనుషుల్నీ కుట్టుపడవలే చేరవేసేవి. కొత్తవాళ్ళు కాళ్ళకింద నీళ్ళు చూసి, పడవ మునిగిపోతోందని గగ్గోలు పెట్టేవాళ్ళు. మసేను తలెత్తకుండానే చెప్పేవాడు.

"నీల్ల సంగతి నాను సూసుకుంతాను."

అంతే. అంతకుమించి ఒక్క మాట లేదు. కానీ ఆ మాట వింటే మనిషి కుదుటపడేవాడు.

ఇంటి దగ్గర దానమ్మ ఉండేది. అతని పెళ్ళాం. చేపలు ఎండబెట్టి సంతకు మోసుకెళ్ళేది. పొద్దుగూకితే ఆముదం వెచ్చజేసి, ఉప్పునీళ్ళకు ముడతలు పడిన ఆ కాలికి రాసేది. నొప్పి లేదులేవే అనేవాడు మసేను. లేకపోతే గమ్మునుండు అనేది దానమ్మ. పిల్లలు లేరు. ఒకరికొకరు ఉన్నారు, చాలనుకున్నారు.

ఇలా ఉండగా కరువొచ్చింది. మొదటి ఏడు చెరువులెండాయి. రెండో ఏడు పశువులు పోయాయి. మూడో ఏడు మెట్ట ఊళ్ళ మనుషులు నడుచుకుంటూ సముద్రపొడ్డుకొచ్చారు. గంజికోసం వచ్చారు. గంజి ఎక్కడుంది?

అప్పుడొచ్చింది సింగపు ఓడ. వలందా దేశపు, అంటే డచ్చివాళ్ళ ఓడ అది. మూడు తెరచాపకొయ్యలు, ముక్కు మీద ఎర్రరంగు పూసిన చెక్క సింహం. ఆ ఓడ షావుకారు గింజలు తెచ్చాడు. ఊరికే ఇవ్వలేదు. ఇంటికొక మనిషిని ఓడెక్కిస్తే ఆ ఇంటికి గింజలిస్తానన్నాడు. ఎక్కినవాళ్ళు సముద్రం దాటి, తూర్పు దీవుల్లో చాకిరీ చెయ్యాలి. మళ్ళీ రావడమంటూ ఉండదు. ఆ మాట చెప్పలేదు, కానీ అందరికీ తెలుసు.

వాళ్ళను ఓడకు చేరవేసింది గవ్వలపేట పడవే. మసేను తోడిన పడవే.

అందులో సింగారి అనే అమ్మాయి ఉంది. సాలెవాళ్ళ కోడలు. మొగుడు కరువులో పోయాడు. అత్తకీ ఆడబిడ్డలకీ నాలుగు గింజలు దొరుకుతాయని తనే ముందుకొచ్చింది. సముద్రాన్ని చూడడం అదే మొదలు. మొదటి కెరటం పడవను ఎత్తగానే పలకను రెండు చేతులా పట్టుకుని, మునిగిపోతామా అన్నా అని అడిగింది.

"నీల్ల సంగతి నాను సూసుకుంతాను" అన్నాడు మసేను.

ఆమె చేతులు కాస్త వదులయ్యాయి. ఓడ పక్కన తాడు నిచ్చెన ఎక్కుతూ కిందికి చూసి, మంచిది అన్నా అంది. వాళ్ళందర్నీ ఓడ అడుగున పెట్టి పైన చెక్కతలుపు వేసేశారు. ఆ చప్పుడు మసేను విన్నాడు.

ఆ సాయంత్రం అతను ముద్ద ముట్టలేదు. దానమ్మ అతని కాలు ఒళ్ళో పెట్టుకుని ఆముదం రాస్తుంటే గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"నాను సూసుకుంతానన్నాను దానీ. ఓడెక్కినాక ఆల్లని ఎవులు సూసుకుంతారే?"

దానమ్మ ఆ కాలికి ఇంకొంచెం మెల్లగా ఆముదం రాసింది.

సింగపు ఓడ తెరచాపలెత్తి వెళ్ళిపోయింది. వెళ్ళిన మూడోనాడు గాలి తిరిగింది. తూర్పున ఆకాశం రాగి చెంబులా అయింది. తాటిచెట్లు నేలకు వంగాయి. పొద్దున్న జనం ఒడ్డుకొచ్చి చూసేసరికి, వెళ్ళిన ఓడ తిరిగొస్తోంది. తనంతట తను రావడంలేదు. గాలి ఈడ్చుకొస్తోంది. చాపలు పీలికలు. ఒక కొయ్య విరిగి పక్కన వేలాడుతోంది. చూస్తుండగానే మూడో కెరటానికి అవతల ఇసక మేట మీద పడి, పక్కకు ఒరిగిపోయింది. ఓడ నాయకుడు ఆ దెబ్బకే నీళ్ళల్లో పోయాడు.

పడవకు పెద్ద గరగయ్య. తండేలు అనేవాళ్ళు అతన్ని. అతను సముద్రాన్ని చూశాడు, తనవాళ్ళను చూశాడు. ఇది పడవ దించే సముద్రం కాదన్నాడు. మనం పోతే మన పిల్లల్ని ఏ ఓడ ఎక్కిస్తారో ఆలోచించమన్నాడు. అందులో తప్పేం లేదు. తెడ్లవాళ్ళు తలలు దించుకుని నిలబడ్డారు. ఓడ మీంచి కేకలు గాలిలో తెగి తెగి వస్తున్నాయి.

మసేను ఇసకలో గీత గీసుకుంటూ పడవ దగ్గరికెళ్ళాడు. ఒడ్డున పొడి ఇసక మీదున్న పడవలోకి పాకి ఎక్కాడు. తన చోట తను కూర్చున్నాడు. చేద ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఒరే మసేనూ, ఏటి సేత్తన్నావురా? పడవ ఇసక మీదున్నాది" అన్నాడు గరగయ్య.

"తెలుసు బావా. మీరు తోత్తే నీల్లలోకి ఎల్తాది." చేద చేతిలోకి తీసుకుని అన్నాడు, "నీల్ల సంగతి నాను సూసుకుంతాను."

ఎవరూ కదల్లేదు. దానమ్మ వచ్చింది. మొగుడి తలపాగా వదులైతే బిగించి కట్టింది. తర్వాత వెనక్కెళ్ళి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, పడవకు భుజం ఆనించింది. ఒక్కతే తోసింది. పడవ వెంట్రుకవాసి కదిలిందో లేదో. గరగయ్య ఆమె పక్కకొచ్చి భుజం పెట్టాడు. ఆ తర్వాత తెడ్లవాళ్ళందరూ వచ్చారు.

మొదటి కెరటం ఎత్తేసింది. రెండో కెరటం తిప్పేసింది. మూడో కెరటం కొట్టేసింది. మసేను తోడాడు. పడవ దాటింది.

ఓడ మీద యాన్ అని ఒక వలందా నావికుడు ఉన్నాడు. ఓడ వడ్రంగి. ఓడ ఒరగ్గానే మిగతావాళ్ళు తమ దారి తాము చూసుకుంటుంటే, అతను గొడ్డలి పట్టుకుని ఆ చెక్కతలుపు మీద పడ్డాడు. పగలగొట్టి, కింద ఉన్నవాళ్ళను ఒక్కొక్కర్నీ చేయిచ్చి పైకి లాగాడు. వాళ్ళ నడుములకు తాడు కట్టి పడవలోకి దించాడు.

మొదటిసారి ఆడవాళ్ళూ చిన్నవాళ్ళూ వచ్చారు. రెండోసారి మగవాళ్ళూ కొందరు నావికులూ వచ్చారు. వలందావాడా మనవాడా అని గరగయ్య చూడలేదు. చేతికందినవాణ్ణి ఎక్కించుకున్నాడు. మూడోసారికి ఓడ మీద కొద్దిమందే మిగిలారు. అందులో సింగారి ఉంది. ఆమె వంతు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నీళ్ళు చూసి వెనక్కి జరిగి, వెనకున్నవాళ్ళను ముందుకు పంపింది. మూడోసారి యాన్ ఆమెను చంటిబిడ్డలా చంకనేసుకుని తాడు పట్టుకుని దిగాడు.

తిరిగొస్తుంటే మూడో కెరటం దగ్గర పడవ కుట్టు తెగింది. రెండు పలకల మధ్య సందు పడి, నీళ్ళు బుసకొడుతూ లోపలికొచ్చాయి. చేదతో ఆగే నీళ్ళు కావవి. మసేను అటూ ఇటూ చూశాడు. తన ఎడమకాలు ఎత్తి ఆ సందులో దూర్చాడు. ఏ పనికీ రాదని ఊరంతా అనుకున్న ఆ సన్నటికాలు అక్కడ సరిగ్గా ఇమిడింది. బుస తగ్గింది. మళ్ళీ చేద అందుకున్నాడు.

సింగారి పలకను రెండు చేతులా పట్టుకుని అతన్ని చూసింది. అతను తలెత్తి మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "నాను సూసుకుంతాను కదమ్మా" అన్నాడు.

పడవ ఇసకను తాకింది. తాకగానే అందరూ దూకారు. ఎవరి ప్రాణం వాళ్ళకు తీపి కదా. ఒడ్డున ఉన్నవాళ్ళు నడుంలోతు నీళ్ళల్లోకి పరిగెత్తి అందిన చెయ్యల్లా లాగారు. ఏడ్పులు, కౌగిలింతలు. మసేను కాలు లాగి చూసుకున్నాడు. పలకలు బిగుసుకున్నాయి. రాలేదు. ఇంతలో వెనక్కి తగ్గే కెరటం పడవను పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయింది.

అతను పిలిచాడో, పిలిస్తే గాలిలో వినపడలేదో తెలీదు. సింగారి మాత్రం పిలవలేదనే చెప్పేది. పిలిస్తే అందరూ మళ్ళీ నీళ్ళల్లోకి వస్తారని అతనికి తెలుసు అనేది. ఒడ్డెక్కి ఆమె వెనక్కి చూసింది. రెండో కెరటం మీద పడవ కనిపించింది. అందులో అతని తలపాగా కనిపించింది. ఆమె పెట్టిన కేక ఒడ్డున ఏడ్పుల్లో కలిసిపోయింది. అతని చెయ్యి లేస్తూ దిగుతూ ఉంది. తోడుతూనే ఉన్నాడు.

దానమ్మ జనంలో ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ వెళ్ళింది. ఓడలోంచి దిగినవాళ్ళను చూసింది. తెడ్లవాళ్ళను చూసింది. ఆఖరికి గరగయ్య ముందు నిలబడి అడిగింది.

"మా మడిసేడి?"

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. గరగయ్య ఇసకలో కూలబడిపోయాడు.

గాలి తగ్గాక సముద్రం అతన్ని తెచ్చి ఏటిమొగ దగ్గర పెట్టింది. ఊరి వెనక ఇసకదిబ్బ మీద పాతిపెట్టారు. ఓడలోంచి వచ్చినవాళ్ళందరూ తలా దోసెడు ఇసక పోశారు. యాన్ కూడా పోశాడు. దానమ్మ ఏడవలేదు. ఇంటికెళ్ళి, ఆముదం గిన్నె పొయ్యి మీద పెట్టి, ఎందుకు పెట్టిందో గుర్తొచ్చి అప్పుడు ఏడ్చింది. సింగారి వచ్చి పక్కన కూర్చుంది. ఇంక ఆ ఇల్లు విడిచి వెళ్ళలేదు.

కొన్నాళ్ళకు షావుకారు మనిషి పల్లకీలో వచ్చాడు. గింజలిచ్చి కొన్న మనుషుల్లో ఎవరు బతికున్నా వాళ్ళు షావుకారువాళ్ళే అన్నాడు. ఊరివాళ్ళు వాళ్ళల్లో కొందర్ని తాటితోపులో దాచారు. మిగతావాళ్ళు చేపలు ఎండబెడుతూ ఊరివాళ్ళల్లో కలిసిపోయి కూర్చున్నారు. పల్లకీమనిషి యాన్‌ని పట్టుకుని వాళ్ళ భాషలో అడిగాడు. యాన్ అప్పుడు దానమ్మ పెట్టిన అంబలి తాగుతున్నాడు. ఒంటిమీద మసేను పాత పంచె. గిన్నె కింద పెట్టి ముక్తసరిగా ఏదో చెప్పాడు. పల్లకీ వెంట వచ్చిన దుబాసీ దాన్ని ఊరివాళ్ళకు తెలుగులో చెప్పాడు.

"అందర్నీ సముద్రం తీసుకుపోయిందంట."

పల్లకీ వెళ్ళిపోయింది. యాన్ కూడా వాళ్ళతో వెళ్ళాల్సొచ్చింది. వెళ్ళేముందు దానమ్మ కాళ్ళకు వంగి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం అతనికి ఎవరు నేర్పారో తెలీదు.

మైల తీరాక గవ్వలపేట కొత్త పడవ కట్టి నీళ్ళల్లోకి దించింది. నీళ్ళు తోడడానికి ఓడలోంచి బతికొచ్చినవాడొకడు కూర్చున్నాడు. సాయంత్రం పడవ తిరిగొస్తుంటే దానమ్మ చీర తడుస్తున్నా నడుంలోతు నీళ్ళల్లోకి నడిచింది. పడవ అంచు మీద రెండు చేతులూ వేసింది. దూకబోయిన తెడ్లవాళ్ళు ఆగిపోయారు.

"ముందు ఆడ్ని దించండి" అంది.

గరగయ్య తానే వంగి, నీళ్ళు తోడేవాణ్ణి రెక్కలు పట్టి లేపి ఆమెకు అందించాడు. ఆమె అతన్ని చెయ్యి పట్టుకుని పొడి ఇసకదాకా నడిపించింది. అంతవరకూ పడవలో ఒక్కరూ కదల్లేదు.

ఇప్పుడా తీరాన కుట్టుపడవలు లేవు. ఇంజన్లొచ్చాయి. అయినా ఆ ఊళ్ళో పడవ ఒడ్డుకు చేరితే ముందు ఎవరూ దూకరు. పడవలో అందరికంటే చిన్న పని చేసేవాడు ఎవడో వాణ్ణి ముందు దించుతారు. వాడి కాలు పొడి ఇసక మీద పడేదాకా తండేలైనా సరే ఆగాల్సిందే. ఒడ్డున ఆడవాళ్ళు గంపలు పట్టుకుని నిలబడి, చేపలెన్ని పడ్డాయని అడగరు.

"మసేను దిగినాడా?" అని అడుగుతారు.

దిగాడంటేనే గంపలు దించుతారు.