అవతలి ఇసకలో తాడు కొస

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త గనగళ్ల లచ్చింతల్లి. ఆవిడ ఆవేళ రేవులోనే ఉంది, చేపల బుట్ట పక్కన పెట్టుకుని. తరవాత చాలామంది చెప్పారు. రేవు మొహం చూడనోళ్లు కూడా చెప్పారు. వాళ్ల సంగతి ఆఖర్న చెబుతాను.

సూరాడ పోలయ్యది మా ఊరు ఉప్పుమెట్టే. కోస్టుగార్డులో పని, గస్తీ బోటు మీద. అంతకుముందేడు తుఫానులో మా ఊరి పడవ కొట్టుకుపోతే మనుషుల్ని నీళ్లలోంచి పైకి తీసింది ఆ బోటే. తీసినోళ్లలో పోలయ్య ఉన్నాడు. పైకొచ్చినోళ్లలో వాళ్ల అన్న అప్పన్న ఉన్నాడు. ఆనాటి నుంచి మబ్బు కమ్మితే చాలు, ఊళ్లో ఆడవాళ్లు పోలయ్య పేరే తలుచుకునేవారు.

అలాంటి బోటుని పరదేశం సముద్రానికి పొమ్మన్నారు. అదీ తుఫానుల కాలం ముందర.

ఎందుకయ్యా అంటే పైఅధికారి ఏదో చెప్పాడు. ఆ దారంట మనకి వచ్చే ఓడలకి దొంగల భయమట, అక్కడి వాళ్లతో కలిసి కాపలా కాయాలట. పోలయ్య తల ఊపాడు గానీ ఒక్క ముక్క లోపలికి దిగలేదు. ఉద్యోగం మానేస్తానన్నాడు. సోమవారం లోపు ఆలోచించుకుని చెప్పమన్నారు.

ఇంటికొస్తే అప్పన్న అడిగాడు.

"ఏరా, మన గుమ్మం తెరిచెట్టి ఎవడి గుమ్మానికో కాపలా ఎల్తావా? రేపు నాను మునిగితే ఎవడు తీస్తాడ్రా?"

పోలయ్య తెల్లారి ఇసకదిబ్బ మీద దర్గాకి పోయాడు. అక్కడ దస్తగిరి బాబా ఉండేవాడు. పోలయ్య చిన్నప్పటి నుంచి ఆయన శిష్యుడే. సెలవుకి వచ్చినప్పుడల్లా ముందు ఆయన కాళ్లకి దండం పెట్టి, తరవాతే తల్లి దగ్గరికి పోయేవాడు.

"బాబా, మన తీరం కాయడానికి చేరినోణ్ణి. ఎవరి సముద్రంలోనో నాకేటి పని? మానేద్దునా?"

బాబా లుంగీ పైకి కట్టాడు. "మీ అన్న పెద్దవల దించుతున్నాడు. పద" అన్నాడు.

పెద్దవల సంగతి తెలియనోళ్లకి చెప్పాలి. దాని తాడు ఒక కొస ఒడ్డున మనుషుల చేతిలో ఉంటుంది. పడవ సముద్రంలోకి పోయి, వలని చుట్టూ తిప్పి, రెండో కొస తెచ్చి దూరంగా ఒడ్డున ఇస్తుంది. రెండువేపులా లాగితే వల వస్తుంది. ఆ కాలంలో నీరు ఉత్తరానికి లాగుతుంది కాబట్టి, మా ఊరి ముందు వేసిన వలకి రెండో కొస, ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి, ఉత్తరాన పక్కూరు భీమరాయుడిపాలెం ఇసకలోనే పడాలి. తాతల నాటి నుంచి అంతే.

కానీ ఆ ఏడు వాళ్లకీ మాకూ మాటల్లేవు. వాళ్లు మా వల కోశారు. కోశారని నేనిప్పటికీ అంటాను.

"ఆళ్ల ఇసక తొక్కేది లేదు. రెండు కొసలూ ఇక్కడే తెండి" అన్నాడు అప్పన్న.

తెచ్చారు. ఊరంతా ఒక్కచోటే పట్టుకుని లాగింది. పోలయ్యా లాగాడు. రెండు తాళ్లూ పక్కపక్కన ఉంటే వల నోరు ఎలా తెరుచుకుంటుంది? తాడు తాడుకి మెలిపడి, వల దుప్పటి మూటలాగ వచ్చింది. లోపల చెత్తా, రెండు పీతలూ.

లచ్చింతల్లి నవ్వింది. "ఒరే అప్పన్నా, ఈటికి నా బుట్టెందుకురా, దోసిలి సాలు."

అప్పన్న మెలి తీయించి మళ్లీ వల దించుతుంటే, బాబా మొగలో దిగి, మోకాటి లోతు నీళ్లలో అవతలికి పోయాడు. భీమరాయుడిపాలెం ఇసకలో నిలబడి తలపాగా విప్పి ఊపాడు.

పడవలో వాళ్లు అప్పన్న వేపు చూశారు. బాబా వేపు చూశారు. పెద్దాయన పిలుస్తుంటే ఎలా కాదంటారు? రెండో కొస తీసుకుపోయి ఆయన చేతికే ఇచ్చారు.

ఎనభై ఏళ్ల మనిషి, ఒక్కడు. వల బరువు పడేసరికి తాడు ఆయన్ని ఈడ్చింది. మడమలు ఇసకలో పాతుకున్నాడు. కెరటం వచ్చి నడుం దాకా కొట్టింది. వదల్లేదు.

"బాబా, వదిలెయ్యి!" అని పోలయ్య అరిచాడు. అరుస్తూనే మొగలో పడి పరిగెత్తాడు. పోయి ఆయన వెనక తాడు పట్టాడు.

ఒడ్డున ఆ ఊరి ఆడవాళ్లు నవ్వుతున్నారు.

"ఏటి బాబూ, మీ ఊళ్లో ఇసక అయిపోనాదా?"

బాబా రొప్పుతూనే అన్నాడు, "ఇసక మీదే తల్లీ. వల మాది. చేప ఎవరిదో అదింకా తేలలేదు."

ఒక ముసల్ది మాత్రం నవ్వలేదు. "సూస్తారేట్రా, పెద్దాయన్ని ముంచేస్తారా?" అని కొడుకుని తోసింది. ఆ కొడుకు వచ్చి తాడు పట్టాడు. వాడి వెనక ఇంకొకడు. తాడు తాకినోడికి వాటా ఇవ్వాలన్నది రేవు మర్యాద, ఆ ఆశా ఉంది మరి.

వల నోరు తెరుచుకుని వచ్చింది. కవళ్లు, కాసిని కానాగడత చేపలు. బుట్టలు నిండాయి. పొంగిపోలేదు.

పోలయ్య ఇసకలో కూలబడ్డాడు. అరచేతులు ఒరుసుకుపోయాయి. మొగ అవతల అప్పన్న తాడు పట్టుకుని ఇటే చూస్తున్నాడు.

"బాబా, నా మాటకి జవాబు చెప్పనే లేదు."

"ఎక్కడ నిలబడి లాగావు?"

"ఈళ్ల ఇసకలో."

"ఎవరి వల?"

పోలయ్య అవతలికి చూశాడు. "మా అన్నది" అన్నాడు. మళ్లీ, "మరి తుఫాను వస్తే?" అన్నాడు.

బాబా తలపాగా పిండి నెత్తికి చుట్టుకున్నాడు.

"తుఫాను వచ్చినా తాడుకి రెండు కొసలే."

పోలయ్యకి అర్థమైందో లేదో తనకి తెలీదంది మా మేనత్త. వాడి మొహం దారి తప్పినోడి మొహంలాగే ఉందంది. సోమవారం నాడు పోయి బోటెక్కాడు. అప్పన్న సాగనంపడానికి రాలేదు.

ఇప్పుడు దర్గా దగ్గర భీమరాయుడిపాలెం వాళ్లు అరుగు కట్టి, దాని మీద ఈ కథ చెక్కించారు. బాబాని తామే పిలిచి తాడిచ్చామని రాసుకున్నారు. పిలవలేదు. నవ్వారు. మా ఊరోళ్లేమో వల చిరిగేటన్ని చేపలు పడ్డాయంటారు. పడలేదు. పోలయ్య నవ్వుతూ వెళ్లాడంటారు. అదీ అబద్ధమే.

పోలయ్య బోటెక్కిన మర్నాడు పెద్దవల దించినప్పుడు అప్పన్న ఎవరితోనూ మాట్లాడకుండా, మొహం పక్కకి తిప్పుకుని మొగ దాటాడు. అవతలి ఇసకలో నిలబడి చెయ్యి చాపాడు. ఆ సంగతి రాతిమీద ఎక్కడా లేదు. ఉలి పట్టడం వచ్చినోళ్లు ఎవరైనా ఉంటే ఆ తప్పులు కొట్టేసి, ఇది ఎక్కించండి.