నీడ పడని చోటు

తెలివిలో తమని కొట్టేవాళ్లు చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ లేరని బుద్ధివలస వాళ్లకి మహా గర్వం. అందులోనూ మహిళా సంఘం పెద్ద పైడితల్లమ్మకి ఇంకాస్త ఎక్కువ. ఆవిడ దిగులల్లా నీళ్ల గురించే. రోజూ కొండ కింద గెడ్డ నుంచి బిందెలు మోసి మోసి నడుం పడిపోతోంది పాపం. ఊరంతా కలిసి సోలారు మోటారు పెట్టుకుంటే ఆ బాధ తీరుతుంది. కాని ముప్ఫై పేజీల దరఖాస్తు నింపడం ఎవరి వల్లా కాలేదు. రెండేళ్లుగా అది బియ్యం డబ్బా మీద మూత.

చివరికి ఆఫీసువాళ్లే దయ తలిచి, ప్లాను వేయడంలో సాయం చేయమని ఇంజనీరు సునందను పంపారు. ఆవిడ అన్నీ విడమరిచి చెప్పి, కాగితాలన్నీ తనే నింపి, "పొద్దున్నించి సాయంత్రం దాకా నీడ పడని చోటు చూసి ఉంచండి. నీడ పడితే సోలారు పలకలు పనిచెయ్యవు" అని వెళ్లింది.

అంతే, ఊరంతా బయల్దేరింది. పైడితల్లమ్మ మెట్ట మీద నిలబడి చూసింది. కాళ్ల దగ్గర నీడ. పదడుగులు జరిగింది. నీడా జరిగింది. మొగుడు అప్పన్నను పిలిస్తే రెండు నీడలయ్యాయి. నలభై మందిని పిలిచేసరికి మెట్టంతా నీడే. పడుకుని చూద్దామన్నాడు అప్పన్న. పడుకున్నారు, అందరికీ హాయిగా నిద్ర పట్టేసింది.

మర్నాడు సునంద తల పట్టుకుని, అందర్నీ కిందికి దింపి, అదే మెట్ట మీద మేకులు కొట్టించింది. ఇక్కడ మాత్రం నీడ పడనివ్వకండని మరీ మరీ చెప్పింది. ఇంకేముంది, వంతులవారీగా కాపలా. కాకి ఎగిరితే తరిమారు. మబ్బు పడితే, దాని నీడ నేల మీద పడకుండా గొడుగులు పట్టారు.

నెల తిరిగేసరికి పలకలు బిగించారు. కుళాయిలో నీళ్లు ధారకట్టాయి. పైడితల్లమ్మకి సంతోషం పట్టలేక ఏడుపొచ్చేసింది. పలకలకి దణ్ణం పెట్టుకుందామని మెట్టెక్కింది. చూస్తే ఏముంది, పలకల కింద చాపంత నీడ.

"ఇదేటయ్యా, మేడంగారు చూసారంటే మోటారు పట్టుకెళ్లిపోతారు" అంది బిక్కచచ్చి.

"నీడ ఆ పలకలదే కదా. తీసేద్దాం" అన్నాడు వెనకే వచ్చిన అప్పన్న.

సాయంత్రానికల్లా అన్నీ ఊడదీసి, గోనెలు చుట్టి, సావిట్లో భద్రంగా పెట్టారు. మెట్ట మీద ఎక్కడా ఇంత నీడ లేదు. ఇక తమ మోటారుకి ఏ ఢోకా లేదని పైడితల్లమ్మ గుండె నిండా ఊపిరి పీల్చుకుని, ఖాళీ బిందె చంకనెత్తుకుని గెడ్డకి బయల్దేరింది.