చెలమ దగ్గర సింగమ్మ

అనగనగా ఒక అడవిలో ఒక వాగు. వాగని పేరే గానీ, ఎండాకాలం వస్తే దాన్నిండా ఇసకే. అప్పుడు జంతువులన్నీ కలిసి ఇసకలో చెలమ తవ్వేవి. గొయ్యి లోతుకు పోయాక నీళ్లు ఊరేవి. ఆ నీళ్లే అందరికీ ప్రాణం.

చెలమకు ఒక కట్టుబాటు ఉంది. తవ్వేటప్పుడు అందరూ గొంతు కలిపి కేకలు వెయ్యాలి. తాగేముందు ఒకరి కళ్లలోకి ఒకరు చూసి, ముక్కూ ముక్కూ రాసుకోవాలి. అలా చెయ్యకపోతే నీళ్లు లేవు. ఇది ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అయినా మహా గొప్పగా పాటించేవి!

ఆ అడవిలోనే సింగమ్మ అనే ముళ్లపంది ఉండేది. పిల్ల కాదు, పిల్లల తల్లి. తవ్వడంలో ఎవరికీ తీసిపోదు. కానీ కేకలు మొదలైతే దాని తల పగిలిపోయేది. ఎవరైనా కళ్లలోకి చూస్తే మాట మర్చిపోయేది.

"దానికి పొగరు" అని సణుక్కుంటూనే జంతువులు దాన్ని తాగనిచ్చేవి. చిన్నప్పటి నుంచీ అదే మాట విని, తన బుద్ధే వంకరని సింగమ్మ కూడా నమ్మేసింది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. "ఈసారి కట్టుబాటు తప్పితే చుక్క నీళ్లు ఇవ్వం" అని పెద్ద ఎలుగుబంటి భద్రయ్య తేల్చేశాడు.

సింగమ్మ పంతం పట్టింది. మొదటిరోజు అందరితో కలిసి కేక వేసింది. కళ్లు తిరిగి పడిపోయింది. రెండోరోజు కుందేలు కళ్లలోకి రెప్ప వెయ్యకుండా చూసింది. కుందేలు హడలిపోయి పరుగో పరుగు. నవ్వకండర్రా, పాపం దానికెంత కష్టమో! మూడోరోజు ముక్కు రాయబోయి, వణికిపోయి, ముళ్లు నిక్కబొడిచింది.

"చూశారా, పొడవడానికొచ్చింది!" అని అన్నీ కలిసి తరిమేశాయి.

నాలుక పిడచకట్టుకుపోయి సింగమ్మ పొదలో పడుకుంది. పక్క పొదలో ఉండే ముంగిస పోలమ్మ వచ్చి కూర్చుంది.

"అక్కా, మా అమ్మ కూడా నీలాగే ఉండేది. ఇది పొగరు కాదు. పుట్టుకతో వచ్చిన తీరు. మాకు మామూలుగా వినిపించే కేక నీకు ఉరుములా వినిపిస్తుంది. అవునా?"

సింగమ్మ తలెత్తి, "మిగతావాళ్లకు అలా వినిపించదా?" అని అడిగింది.

"వినిపించదక్కా."

సింగమ్మకు ఏడుపొచ్చింది. ఏడ్చింది. ఆపైన లేచి దులుపుకుంది. "పద. నేనే అడుగుతాను."

చెలమ దగ్గర అందరి ముందూ నిలబడింది.

"భద్రయ్య మామా, నేను ఇసకవైపే చూస్తూ మాట్లాడతాను. వినండి. నా వంతు తెల్లవారుజామున, సద్దులేనప్పుడు తవ్వుతాను. కళ్లలోకి చూడను. ముక్కు రాయను. సైగలు నాకు అర్థం కావు, నాతో పనుంటే నోటితో చెప్పండి. నా నీళ్లు నాకివ్వండి."

భద్రయ్య గడ్డం గోక్కున్నాడు. "నీకోసం కట్టుబాటు మార్చాలంటే నీలో ఏదో గొప్ప ఉండాలి కదమ్మా. నీకేం విద్య వచ్చు?"

"ఏ విద్యా రాదు మామా. దాహం వేస్తోంది."

భద్రయ్యకు సిగ్గేసింది. పక్కకు జరిగి దారిచ్చాడు. సింగమ్మ కడుపునిండా తాగింది.

మర్నాడు తెల్లవారుజామున అది ఒక్కతే తవ్వుతుంటే వెనక అడుగుల చప్పుడైంది. ఒక ముసలి మనుబోతు వచ్చి నిలబడింది. పలకరించలేదు, ముఖం చూడలేదు.

"నాకూ ఆ కేకలు పడవు. పుట్టినప్పటి నుంచీ ఓర్చుకుంటున్నాను" అంది.

సింగమ్మ కాస్త జరిగి చోటిచ్చింది. రెండూ మాటామంతీ లేకుండా తవ్వుకున్నాయి.

నీతి: ఒకరి తీరు వేరుగా ఉంటే పొగరని తరమకండి, ఏం కావాలో అడిగి తెలుసుకోండి. ఆ మాత్రం ఆదరణ పొందడానికి వాళ్లు గొప్పవాళ్లు కానక్కర్లేదు.