గిజిగాడు అల్లిన పొట్ట

ఒకప్పుడు మనుషుల పొట్టకి గోడ లేదు. డొక్కల కిందనుంచి తొడల దాకా ఉల్లిపొర లాంటి పల్చటి చర్మం ఒక్కటే ఉండేది. దాని వెనకాల పేగు, జోలెలో వేసిన చేపలా ఎప్పుడూ కదులుతూ ఉండేది.

దగ్గితే పొట్ట జారేది. గట్టిగా నవ్వితే జారేది. తుమ్మితే ఇక చెప్పక్కర్లేదు, మోకాళ్ల దాకా వచ్చేసేది. అందుకని అప్పటి జనం పొట్ట చేత్తో పట్టుకునే నడిచేవాళ్లు. కూర్చుంటే ఒళ్లో పెట్టుకునేవాళ్లు. నవ్వొస్తే పెదాలు బిగించి ముక్కుతో నవ్వేవాళ్లు.

అన్నిటికన్నా పెద్ద కష్టం ఇంకోటుంది. పిల్లల్ని ఎవరూ ఎత్తుకునేవాళ్లు కాదు. ఎత్తుకుంటే పేగు జారిపోదూ! పిల్లలు ఏడిస్తే పెద్దవాళ్లు పక్కన కూర్చుని పాట పాడేవాళ్లు. అంతే.

కొండ దిగువన, వాగు పక్కన అసిరయ్య అనే అతను ఉండేవాడు. అతని భార్య గవరమ్మ. వాళ్లకి పైడి అని ఒక కూతురు. గవరమ్మ మళ్లీ నీళ్లోసుకుంది, నెలలు నిండుతున్నాయి.

నడక వచ్చినప్పటినుంచీ పైడిది ఒకటే పేచీ.

"అయ్యా, నన్నెత్తుకో."

"ఎత్తుకోకూడదమ్మా, పేగు జారిపోద్ది."

"కొంచెం ఎత్తుకో."

"కొంచెం ఎత్తుకోడం ఎలాగే?"

"ఇదిగో, ఇంతే!" అని పైడి చిటికెన వేలు చూపించేది.

అసిరయ్యకి నవ్వొచ్చేది. నవ్వితే పొట్ట జారేది. చప్పున దాన్ని పట్టుకుని, మొహం అటు తిప్పుకునేవాడు.

"గవరీ, కన్నకూతురే గానీ, దాని బరువెంతో నాకు తెలీదే" అన్నాడు ఒకసారి భార్యతో.

"నాకు మాత్రం తెలుసేటి మావా? కడుపులో ఉన్నప్పుడు మోసిందే" అంది గవరమ్మ.

ఒకరోజు పైడి వాగు మధ్య బండ మీద కూర్చుని ఎండ్రకాయలతో ఆడుకుంటోంది. అసిరయ్య ఒడ్డున కూర్చుని చూస్తున్నాడు. ఇక్కడ ఎండ కాస్తోంది గానీ కొండ మీద పెద్ద వాన కురిసింది.

ఉన్నట్టుండి వాగు అరిచింది. "తప్పుకోండి! తప్పుకోండి! పైనుంచి నీళ్లు తోసుకొస్తున్నాయి. నన్ను నేనే ఆపుకోలేకపోతున్నా!"

బండ చుట్టూ ఎర్రనీళ్లు తిరిగాయి. పైడి లేచి నిలబడింది. ఎత్తుకో అనలేదు. "అయ్యా!" అని మాత్రం అంది.

అసిరయ్య పొట్ట వదిలేశాడు. రెండు చేతులూ చాచి నీళ్లలోకి దూకాడు. పిల్లని ఎత్తి గుండెకి అదుముకున్నాడు. "నా తల్లే! ఇంతేనా నువ్వు? ఇంత తేలికా?" అనుకున్నాడు. అంత వరదలోనూ అతనికి అదే తోచింది.

ఒడ్డుకొచ్చి పిల్లని దింపాడు. అంతే, కూలబడిపోయాడు. పొట్ట తొడల మీదికి జారిపోయి, చర్మం చిరగడానికి సిద్ధంగా ఉంది.

లోపలున్న పేగుకి మాత్రం భలే సంబరంగా ఉంది. "అబ్బ! లోకం ఎంత వెలుతురుగా ఉందో!" అంది.

"మావా!" అంటూ గవరమ్మ తన కడుపు పట్టుకుని ఆయాసంగా వచ్చింది. "ఓయమ్మా! ఎవరైనా సాయం పట్టండి!"

వాగు మీదికి వంగిన ఈతచెట్టుకి ఒక గిజిగాడి గూడు వేలాడుతోంది. గిజిగాడి పెళ్లాం మొగుణ్ణి ముక్కుతో పొడిచింది.

"చూస్తూ కూచున్నావేం? గాలికీ వానకీ జారని గూడు అల్లుతావు కదా. ఆ మనిషికి పొట్ట అల్లలేవూ?"

"గడ్డితో గూడు అల్లగలను గానీ, పొట్ట దేంతో అల్లాలే?"

పక్కనున్న మోదుగచెట్టు పలికింది. "నా నార తీసుకో. ఎర్రగా ఉంటుంది, సాగుతుంది."

జిల్లేడు కూడా పలికింది. "నాదీ తీసుకో. తెల్లగా ఉంటుంది, తెగదు."

గిజిగాడు పని మొదలుపెట్టాడు. పేగుని మెల్లగా లోపలికి తోసి, చర్మం కింద మోదుగ నార పరిచాడు. నడుము చుట్టూ మొలతాడు కట్టినట్టు, పోగులన్నీ అడ్డంగా వేశాడు.

అతని పెళ్లాం వచ్చి ఒక్క లాగు లాగింది. పోగుకీ పోగుకీ మధ్య చీలిక వచ్చింది. పేగు అందులోంచి తొంగి చూసింది.

"ఇదేనా నీ అల్లిక?" అంది పెళ్లాం.

గిజిగాడు గొణుక్కుంటూ దాని మీద రెండో పొర వేశాడు. ఈసారి పోగులు తుంటి దగ్గరనుంచి ఏటవాలుగా పైకి వెళ్లాయి. పెళ్లాం మళ్లీ లాగింది. సందు చిన్నదయింది గానీ ఉంది. మూడో పొర వేశాడు. అది డొక్కలనుంచి ఏటవాలుగా కిందికి దిగింది. ఒక పొర చీలబోతే ఇంకో పొర అడ్డం పట్టింది. అసిరయ్య వంగడానికీ లేవడానికీ వీలుగా గిజిగాడు ముందువైపు నిలువునా రెండు పట్టీలు వేశాడు. అన్నీ కలిసేచోట, నట్టనడుమ, జిల్లేడు నారతో తెల్లటి కుట్టు వేశాడు.

ఆడపక్షి కాళ్లు తన్నిపెట్టి లాగింది. చీలలేదు. "ఊఁ. పరవాలేదు" అంది. గిజిగాడు ఆ మాటకే పొంగిపోయాడు.

అసిరయ్య మెల్లగా లేచాడు. దగ్గాడు. జారలేదు. గవరమ్మకీ పైడికీ అలాగే అల్లారు.

అప్పుడు ఆమె కడుపులోంచి చిన్న గొంతు వినిపించింది. "మరి నాకో?"

"బిడ్డకీ అల్లు గిజిగా!" అంది పైడి.

"అల్లు గానీ పూర్తిగా మూసెయ్యకు" అన్నాడు లోపలి బిడ్డ. "అమ్మ పంపే కూడు నా బొడ్డులోంచే వస్తుంది. అక్కడ దారి ఉంచు. ఇంకో సంగతి. నేను మగపిల్లాణ్ణి. నా బీజాలు ఇంకా పొట్టలోనే ఉన్నాయి, పుట్టేలోపు కిందికి దిగాలి. గజ్జల దగ్గర కూడా కాస్త సందు ఉంచు."

గిజిగాడు తల గోక్కున్నాడు. "సందులుంటే పేగు ఊరుకోదురా అబ్బాయీ."

"మూసేస్తే నేనే ఉండను కదా!"

ఆ మాటతో గవరమ్మ కడుపు గట్టిగా పట్టుకుంది. "ఉంచు నాయనా, దారులుంచు. తర్వాత సంగతి మేం చూసుకుంటాం" అంది.

గిజిగాడు ఆమె కడుపు మీద వాలి తన అల్లికపాట పాడాడు. పాట విన్నకొద్దీ లోపల బిడ్డకి పోగులు వాటంతట అవే అల్లుకున్నాయి. రెండు చోట్ల మాత్రం దారులు మిగిలాయి.

బిడ్డ పుట్టాడు. ఆడపక్షి వాడి బొడ్డుకి ముడి వేసింది. వాడు కెవ్వుమని ఏడ్చాడు. ఏడవగానే బొడ్డు బుంగలా ఉబ్బింది. లోపలనుంచి వాడి పేగు, "నేనూ చూస్తా లోకం!" అంది.

"ఓలమ్మా!" అంది గవరమ్మ.

"భయపడకు. ముడి ఇంకా పచ్చిగా ఉంది. బిడ్డ పెరిగేకొద్దీ చాలావరకు అదే బిగుసుకుంటుంది" అంది ఆడపక్షి.

పేగు వింటూనే ఉంది. బొడ్డు దారి మూసుకుపోతోందని, చడీచప్పుడూ లేకుండా గజ్జల దారి పట్టింది. సందులో దూరింది. సగం వెళ్లి ఇరుక్కుపోయింది.

"అమ్మో! నొక్కేస్తోంది! ఊపిరాడ్డం లేదు!" అని ఏడ్చింది. బిడ్డ నీలుక్కుపోయి ఏడ్చాడు. పాలు తాగలేదు, వాంతి చేసుకున్నాడు. గజ్జలో గట్టి గడ్డ తేలింది.

అసిరయ్య ఈతచెట్టు దగ్గరికి పరిగెత్తాడు. "గిజిగా! తొందరగా రా నాయనా! పిల్లాడు దక్కేలా లేడు!"

పక్షులు రెండూ ఒక్క ఎగురు ఎగిరి వచ్చాయి. ఆడపక్షి సందుని కాస్త వెడల్పు చేసింది. గిజిగాడు పేగుని ముక్కుతో నెమ్మదిగా లోపలికి జరిపాడు. వెంటనే జిల్లేడు నారతో ఆ చోటు కుట్టేశాడు. బిడ్డ ఒకసారి వెక్కి, అమ్మ రొమ్ము అందుకున్నాడు.

పేగు సిగ్గుపడింది. "ఇక లోపలే ఉంటాలే" అంది. మళ్లీ, "కానీ వీళ్లు దగ్గినా, ముక్కినా, బరువులెత్తినా నన్ను ముందుకి తోస్తారు. అప్పుడెక్కడైనా సందు దొరికితే నా తప్పు కాదు" అంది.

"నీ తప్పు కాదులే" అన్నాడు గిజిగాడు. "దారులుంచింది నేనే కదా."

అసిరయ్య పైడి వైపు తిరిగి చేతులు చాచాడు. పైడి నమ్మలేనట్టు చూసి, పరిగెత్తుకొచ్చి మెడకి చుట్టుకుంది. వాళ్లయ్య దాన్ని ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. నోరంతా తెరిచి, కొండకి వినపడేలా నవ్వాడు.

అప్పటినుంచే మన పొట్టకి పక్కల మూడు పొరల గోడ, ముందు రెండు నిలువు పట్టీలు, నడుమ తెల్లటి కుట్టు ఉన్నాయి. అప్పటినుంచే బొడ్డు దగ్గరా గజ్జల దగ్గరా ఆ గోడ పల్చగా ఉంటుంది, ఎప్పుడైనా పేగు అక్కడినుంచి ముందుకొస్తుంది. దాన్నే డాక్టర్లు హెర్నియా అంటారు, లోపలికి సర్ది కుట్టేస్తారు. అప్పటినుంచే మనం ఏ బరువెత్తబోయినా, ఎవరూ చెప్పకుండానే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి పొట్ట గట్టిచేసుకుంటాం. పసిపిల్లల్ని ఎత్తుకునే ముందు కూడా.