కాగితం చుట్టిన మూడు పళ్ళేలు

అప్పలనరసమ్మ ఒంటి మీది కట్టు విప్పగానే గాజుగుడ్డ మీద ఆకుపచ్చ మరక కనబడింది. పుండు చీము పట్టిందని రత్నాకర్‌కి అర్థమైంది.

బజ్జీల మూకుడు మీద పడి ముప్పై శాతం కాలిన మనిషి ఆమె. ఎంత సెలైన్, నిమిషానికెన్ని చుక్కలు, బతికే అవకాశమెంత, అన్నీ అందరికంటే ముందు లెక్కగట్టింది ఈ కుర్ర డాక్టరే. తొంభై శాతమని బల్లగుద్ది చెప్పాడు. నాలుగో రోజుకి చలిజ్వరం.

"నా సిన్నదానికి జడేసుకోడం కూడా రాదు బాబూ," అందామె వణుకుతూ. "ఇంటికెల్తానా?"

అతను అలవాటుగా కాలిక్యులేటర్ తీశాడు. చర్మం కాలిపోయాక బాక్టీరియాని ఆపే గోడ లేదు. చచ్చిన చర్మంలోకి రక్తం రాదు, మందూ చేరదు. అరగంటకి ఒకటి రెండవుతుంది. పది గంటల్లో ఆ ఒక్కటే పది లక్షలు దాటుతుంది.

అంకె చూసి సాయం కోసం పరిగెత్తాడు.

పెద్ద డాక్టరు హైమవతి చచ్చిన చర్మం కోసి తీసేసింది. మందు మార్చింది.

"దీన్ని ఎవరు అంటించారు మేడమ్? ఆయా వరాలమ్మేనా?"

ఆమె బాక్టీరియా పెరిగి కనబడేందుకు మేత పోసిన గాజు పళ్ళేలు మూడు తెప్పించింది. ఒకదానికి వరాలమ్మ వేళ్ళు ఆనించింది. ఒకదానికి తన వేళ్ళు. తర్వాత చెయ్యి చాపింది.

"నీ కాలిక్యులేటర్ ఇలా ఇవ్వు."

మంచం మంచానికీ అతనితో తిరిగేదే అది. నిన్న అప్పలనరసమ్మ దిండు మీదే పెట్టాడు.

మూడో పళ్ళేనికి దాన్ని అద్ది, మూడింటికీ కాగితం చుట్టింది. "రెండ్రోజులు ఆగు."

ఆ రెండ్రోజులూ రత్నాకర్‌కి ఏ రోగిని ముట్టుకోబోయినా దిండు మీది కాలిక్యులేటరే కళ్ళ ముందు మెదిలేది. ముట్టుకునే ముందు కడిగాడు, ముట్టుకున్నాకా కడిగాడు. వేళ్ళ కణుపులు పగిలాయి.

మూడోనాడు అప్పలనరసమ్మ జ్వరం దిగింది. "సబ్బంతా నువ్వే మింగేత్తన్నావేటి బాబూ!" అంది.

అప్పుడే హైమవతి పళ్ళేలు పట్టుకొచ్చింది. రత్నాకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆమె కాగితం విప్పలేదు. మూడింటినీ అలాగే పరికరాలు ఉడికించే ఆవిరిపెట్టెలో వేసి మూత బిగించింది.

"మేడమ్! ఎవరిదో తెలియొద్దా?"

"తెలిస్తే మిగతా ఇద్దరూ చేతులు కడగడం మానేస్తారు."