తూనీగలమ్మ వెలసిన దొరువు

పూర్వం సింగమనాయకుడు పెన్నా తీరాన్ని ధర్మబద్ధంగా ఏలుతున్న రోజుల్లో, విరజాజిపల్లెలో పేరమ్మ అనే వృద్ధురాలు పూలతోట పెంచి, పూసినవన్నీ దేవతార్చనకే సమర్పిస్తూ ఉండేది. తోట తడుపుకోవడానికి నడుమ ఒక దొరువు ఉండేది. పొద్దెక్కగానే ఆమె ఆ నీటిగుంట గట్టున చేరి, నీలి తూనీగలనూ, సూదికన్న సన్నని పచ్చ తూనీగలనూ, ఆకుల కింద నక్కిన కప్పలనూ, నీటిమీద జారుతూ పరుగెత్తే పురుగులనూ చూసి చంటిబిడ్డలా మురిసిపోయేది.

దండయాత్రల భయంతో ఆ ఊరి అమ్మవారి శిలను పేరమ్మ అత్తగారు ఒకనాడు ఆ దొరువులోనే దాచి, కొత్తకోడలి చెయ్యి పట్టుకుని ఆ చోటు తాకించి, కొంతకాలానికి కన్నుమూసింది. దేశం చల్లబడ్డాక నాయకుడు అమ్మవారిని ప్రతిష్ఠించదలచి, ముహూర్తం పెట్టించి, పరివారంతో తోటకు వచ్చాడు. తీరా అడిగేసరికి పేరమ్మకు ఆ చోటు ఎంత తలచుకున్నా జ్ఞప్తికి రాలేదు.

“పొయ్యిమీద పాలే మరిచిపోతావు, అమ్మవారు గుర్తుంటుందా వదినా!” అని ఆడబిడ్డ నాగసాని అందరిలో ఎత్తిపొడిచింది.

“నా బుర్ర చిల్లికుండైందిలేవే, నీ నోరేమైనా తొణకని నిండుకుండా?” అన్నదే గాని, పేరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“దిగులు పడకవ్వా. నీళ్లన్నీ తోడించి బురద తవ్విస్తే అమ్మే కనబడుతుంది” అన్నాడు నాయకుడు.

“వద్దు దొరా! నీళ్లు పోతే ఇందులోని జీవాలన్నీ చస్తాయి. అవీ ఆ తల్లి బిడ్డలే. కాస్త ఆగండి, మీ కాళ్లు పట్టుకుంటా.”

నీళ్లు తోడబోయిన ఏతం మనుషులు ఆగారు. పేరమ్మ అమ్మను తలచుకుని నీటివైపు చూసింది. జనం సందడికి ఒక ఎర్ర తూనీగ బెదిరి లేచి, గిరికీలు కొట్టి, మళ్లీ వచ్చి నడినీట వాలింది. అక్కడ రెల్లు లేదు, ఆకూ లేదు. మళ్లీ లేచింది, మళ్లీ అక్కడే వాలింది. “ఇంత పురుగు తన చోటు మరవలేదే!” అనుకుంటూ ఆమె నడుములోతు నీళ్లలో దిగి అక్కడ చెయ్యి పెట్టింది. ఎండలకు నీరు తగ్గి గోరంత బయటపడిన శిల ఆ చేతికి తగిలింది. తగలగానే అత్తగారి వేళ్ల బిగువూ, నాటి పసుపు వాసనా, సమస్తం మనసులోకి తిరిగి వచ్చాయి.

“ఇదిగో! మా అమ్మ ఇక్కడుంది!” అని ఆమె చప్పట్లు కొట్టి నవ్వుతూ ఉంటే, నాగసాని కట్టుచీరతోనే నీళ్లలోకి దూకి వదినను కావలించుకుంది.

నాయకుడు చేతులు జోడించి, దొరువు తోడించకుండానే శిలను ఆ నీటినడుమ ఎత్తుగా నిలబెట్టించాడు. నాటినుంచి ఆ దేవి తూనీగలమ్మ అయింది. ఈనాటికీ అక్కడ అమ్మ శిరస్సుమీద తూనీగ వాలితే గాని హారతి ఇవ్వరు. ఒక్కొక్కనాడు అది ఎంతకూ రాదు. కర్పూరం పళ్లెం పట్టుకుని అర్చకుడు మెడ సాచి చూస్తూ నిలబడతాడు; గట్టుమీద భక్తులు నవ్వు ఆపుకుంటూ ఎదురుచూస్తారు.